నా పేరు మీద దాని గుండె

మా ఇంట్లో చక్కెర డబ్బా ఒకటే గానీ చక్కెర జబ్బులు రెండు. ఒకటి నాది, రెండోది మా తోడికోడలిది. ముందు నీకే వచ్చిందని అదంటుంది, కాదు నీకే అని నేనంటాను. అన్నిటికీ పెద్దదానివి నువ్వేగా అని నన్ను ముందుకు తోసే మనిషి, ఈ పెద్దరికం కూడా నాకే అంటగట్టాలని చూస్తుంది.

అది స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం వదిలింది గానీ విజిల్ వదల్లేదు. పొద్దున్నే మెడలో విజిల్, కాళ్ళకి షూ, వెనకాల మా వీధి ఆడవాళ్ళ గుంపు. అందరూ సుగర్ వాళ్ళే, అందరూ అరవై దాటినవాళ్ళే. వాళ్ళని మైదానం చుట్టూ తిప్పి, చేతులు ఊపించి, మెట్లెక్కించి తీసుకొస్తుంది. వీధిలో దాని పేరే విజిల్ టీచరు. నేను కూడా కోపం వచ్చినప్పుడు విజిలూ అనే పిలుస్తాను.

నాది దర్జీ పని. ముందు గదిలో కుట్టుమిషను, దాని వెనక స్టూలు, స్టూలు మీద నేను. కర్టెన్లు, జిప్పులు, స్కూలు యూనిఫారాలు. నా సంగతి నేనే చెప్పుకోవాలి, కాళ్ళతో తొక్కే మిషను ఉన్నంతకాలం నాకు సుగర్ లేదు. మా అబ్బాయి ముచ్చటపడి మోటారు బిగించాడు, ఆ తర్వాతే వచ్చింది. డాక్టర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ.

"రా అక్కా, ఒక్క చుట్టు తిరిగి వద్దాం" అని అది రోజూ పిలుస్తుంది. "నువ్వు నాకు కూడా కలిపి తిరిగిరావే" అని నేను రోజూ అంటాను. ఆ మాటే చివరికి నా మెడకి చుట్టుకుంది.

ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చినప్పటినుంచి ఒకరి పని ఇంకొకరు చెయ్యడం మాకు మామూలే. నాకు ఒంట్లో బాగోకపోతే మావాడి స్కూలు మీటింగుకి తల్లిగా అదే వెళ్ళేది. దానికి తీరిక లేకపోతే దాని పేరు చెప్పి బ్యాంకు వరసలో నేను నిలబడేదాన్ని. మా అత్తగారు తిట్టడానికి పిలిస్తే ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళం వెళ్ళి తిట్లు తినేవాళ్ళం. ఆవిడకి చూపు ఆనేది కాదు, తిట్టడం పూర్తయితే చాలు, ఎవరు తిన్నారన్నది ఆవిడకి పట్టేది కాదు. అత్తగారు పోయారు, మమ్మల్ని కట్టుకున్న అన్నదమ్ములిద్దరూ పోయారు, అలవాటు మాత్రం మాకు మిగిలింది. దానికి పిల్లల్లేరు. మావాడు పిన్నీ అని దాని చుట్టూ తిరుగుతాడు, నన్ను అమ్మా అని కేకలేస్తాడు. అంతే తేడా.

ఈమధ్య మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి నాకు ఆయాసం వస్తోందని మావాడు కనిపెట్టాడు. సుగర్ ఉన్నవాళ్ళకి గుండె పరీక్ష తప్పదన్నాడు. ఆ పరీక్ష పేరే ట్రెడ్‌మిల్. కదిలే పట్టా మీద నడిపిస్తూ గుండె ఎలా కొట్టుకుంటోందో తెర మీద చూస్తారట. నేల కదలకుండా ఉంటేనే నేను నడవను, కదిలే నేల మీద నడవమంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మావాడికి ఆఫీసు. పిన్నిని తోడిచ్చి పంపాడు.

ఆ ల్యాబు చిన్నది. గోడ పక్కన కుర్చీలు, మూలన నీళ్ళ డబ్బా, తలుపు సందులోంచి కనబడుతున్న నల్ల పట్టా. లోపలున్నాయన ఎవరో గానీ నడవలేక నడుస్తూ, చేతికర్ర ఒదిలేసినవాడిలా ముందున్న కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. పట్టా గర్రుమంటూ తిరుగుతోంది.

"నావల్ల కాదే" అన్నాను.

"ఏం కాదక్కా, నడకే కదా."

"నీకు నడకే. నాకు ఉరికంబం. నేను పడితే ఈ వయసులో తుంటి అతుక్కుంటుందా?"

అది నవ్వింది. నేను నవ్వలేదు. నా మొహం చూసి అదీ నవ్వు ఆపేసింది. ఇంతలో లోపలినుంచి ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చి నా పేరు పిలిచింది. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆ అమ్మాయి చూపు నా చెప్పుల మీంచి పక్కకి జరిగి, దాని కాళ్ళకున్న షూ మీద ఆగింది. "మీరేనా అమ్మా? రండి" అంది.

జీవితమంతా పిల్లల దొంగ హాజర్లు పట్టుకుని బెంచీ ఎక్కించిన మనిషి, నా పేరుకి తను "ఆఁ" అని లేచింది. నాకేసి చూసి కన్నుకొట్టింది. లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు. దాని గుండె గుర్రం గుండె. కాగితం చక్కగా వస్తుంది, మావాడు నన్ను ఒదిలేస్తాడు, నేను నా స్టూలు మీద కూర్చుంటాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేను కళ్ళు మూసుకుని ఆ కుర్చీలో హాయిగా వెనక్కి వాలాను.

పట్టా చప్పుడు పెరిగింది, ఇంకా పెరిగింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపల ఎవరో గబగబా నడిచారు. ఒక డాక్టరు పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి అది బయటికి వచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"ఏమైందే?"

"ఏమవుతుంది? ఇంకా ఓపికుందంటే వినకుండా ఆపేశారు. మిషను పాతది. రేపు ఇంట్లోవాళ్ళతో కలిసి గుండె డాక్టరుకి చూపించాలట, అంతవరకూ అలిసిపోకూడదట. అందరికీ అలాగే చెబుతారులే" అంది. దవడ ఒకసారి నొక్కుకుంది. దానికి కొన్నాళ్ళుగా పంటినొప్పి. నడిచేటప్పుడు వస్తుంది, కూర్చుంటే పోతుంది. పళ్ళ డాక్టరు చూసి పన్ను రాయిలా ఉందన్నాడు. నడకకి వచ్చే పంటినొప్పి ఎక్కడైనా ఉంటుందా అని ఇంట్లో అందరం దాన్ని ఆటపట్టించాం. విజిల్ గట్టిగా కొరుకుతున్నావేమో అన్నాను నేను.

మర్నాడు మావాడు సెలవు పెట్టి నన్ను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు గీతల కాగితం పొడుగ్గా బల్ల మీద పరిచాడు. చాలాసేపు చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"అలిసినప్పుడు మీ గుండెకి రక్తం చాలడం లేదమ్మా. ఎక్కడో అడ్డు ఉంది. యాంజియోగ్రాం చేసి చూడాలి, ఆలస్యం చెయ్యకూడదు."

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. నా గుండెకా? నేను పట్టా ఎక్కనేలేదు కదా. మరి ఆ గీతలు ఎవరివి? ఎవరివో తెలిసి కూడా మనసు ఆ మాట దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. కాగితం మీద పైన నా పేరు, నా వయసు. కింద గీతలు.

"ఛాతీలో నొప్పి ఉంటుందా?"

"లేదండీ."

"సుగర్ చాలాకాలంగా ఉన్న ఆడవాళ్ళకి ఒక్కోసారి ఛాతీలో తెలియదు. నొప్పి చెప్పే నరాలు మొద్దుబారిపోతాయి. వీపులో గానీ, ఎడమ చేతిలో గానీ, దవడలో గానీ లాగినట్టు ఉంటుందా? నడిస్తే వచ్చి, ఆగితే తగ్గిపోయేది?"

దవడ నొక్కుకుంటున్న దాని చెయ్యి నా కళ్ళ ముందుంది.

డాక్టరు అంతటితో ఆగలేదు. "అయినా ఇంత వేగం మీద ఇంతసేపు నడిచారంటే మీకు బాగా అలవాటు ఉండాలి. ఆ నడకే ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాచుకొచ్చింది" అన్నాడు మెచ్చుకోలుగా.

"మా అమ్మా? నడకా?" అన్నాడు మావాడు. నా వైపు తిరిగి, "దొంగచాటుగా నడుస్తున్నావా అమ్మా?" అని అడిగాడు. దొంగచాటుగా తినేవాళ్ళని చూశాం గానీ దొంగచాటుగా నడిచేవాళ్ళు ఉంటారా? నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ముందు దానితో మాట్లాడాలి, దానికి చెప్పకుండా దాని గుట్టు రట్టు చెయ్యకూడదు అని మాత్రం అనుకున్నాను. అక్కడే చెప్పేసి ఉంటే సరిపోయేది. ఆ ముక్క ఇప్పుడు నాకు తెలుసు.

ఇంటికి రాగానే నా బతుకు మారిపోయింది. నా కోడలు కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది. మెట్లెక్కొద్దంది, వంగొద్దంది, గట్టిగా మాట్లాడొద్దంది. మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా చేతికందిస్తోంది. యాంజియోగ్రాంకి వచ్చే వారం రోజు ఖాయం చేశారు. నా రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపించి గుండెదాకా తోస్తారట. నాలో గొట్టం పెట్టి దాని గుండెలో అడ్డు వెతుకుతారా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గది తలుపేసి దానికి అంతా చెప్పాను. విన్నంతసేపూ షూ లేసులు ముడేస్తూ, విప్పుతూ కూర్చుంది.

"ఆ గీతలు నీవే. నీ పంటినొప్పి పన్నుది కాదు."

"నేను రోజూ నడుస్తాను అక్కా. నాకెందుకొస్తుంది?"

"నాకేం తెలుసే? వచ్చింది."

"కాగితం మీద పేరు నీది."

"పట్టా ఎక్కింది నువ్వు!"

"భయపడింది నువ్వు. నీ బదులు వెళ్ళానన్న కంగారులో గుండె అటూ ఇటూ కొట్టుకుని ఉంటుంది. దానికే ఇంత రాద్ధాంతమా?" అంది. కానీ నాకేసి చూడలేదు. జన్మలో ఎవరికీ తల వంచని మనిషి లేసుల్లోకి తల దూర్చి మాట్లాడుతోంది. భయపడుతోందని నాకు అర్థమైంది. అప్పుడు నాకు ఇంకా భయం వేసింది.

చివరికి అసలు మాట చెప్పింది. ఆదివారం పొద్దున మైదానంలో సుగర్ ఉన్న ఆడవాళ్ళందరి నడక. నెలల తరబడి అదే పూనుకుని అందర్నీ కూడగట్టింది. పక్క వీధులవాళ్ళు కూడా వస్తున్నారు. 'నడవండి, గుండెను కాపాడుకోండి' అని బ్యానరు. ఆ బ్యానరు అంచులు కుట్టింది నేనే.

"నేనిప్పుడు వెళ్ళి మంచమెక్కితే వాళ్ళేమంటారు? నడిచినావిడకే వచ్చిందే, ఇంకెందుకు నడవడం అంటారు. ఒక్కొక్కరినీ ఇంట్లోంచి లాక్కురావడానికి నేనెంత కష్టపడ్డానో నీకు తెలుసా? మళ్ళీ అందరూ వెళ్ళి కుర్చీల్లో కూలబడతారు. ఆదివారం ఒక్కటీ గడవనీ. తర్వాత నేనే నీ కొడుక్కి చెబుతాను."

అది చెప్పిన మాట నేనప్పటికే మనసులో అనేసుకున్నాను. నడిచినదానికి వచ్చింది, కూర్చున్న నాకు రాలేదు. మరి ఇంతకాలం ఆ డాక్టర్లంతా చెప్పింది ఏమిటి? లేకపోతే నాకూ ఉందేమో, నాది ఎవరూ చూడలేదేమో? ఆలోచించేకొద్దీ బుర్ర చిక్కుపడ్డ దారపు ఉండ అయిపోయింది. అందరూ గుండె మనిషి గుండె మనిషి అంటుంటే మర్నాటికి నాకు కూడా ఛాతీలో ఏదో పట్టినట్టు మొదలైంది. చెయ్యి పెట్టి చూసుకుంటే ఉంది, పని పడి మర్చిపోతే లేదు. ఇది నాదా? దానిదా? అత్తగారి తిట్లలాగా దీన్ని కూడా ఒకరి బదులు ఒకరం తింటున్నామా?

శనివారం ఇక ఉండబట్టలేక మావాడితో చెప్పేశాను. "ఆ పరీక్ష చేయించుకుంది నేను కాదురా. పిన్ని."

మావాడు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు. చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అమ్మా, గుండె జబ్బంటే ఎవరైనా ముందు నాది కాదనే అంటారు. భయపడకు."

"భయం కాదురా, నిజం!"

"పిన్నీ!" అని కేకేశాడు. అది గుమ్మంలోకి వచ్చింది. "ఆ రోజు పట్టా ఎక్కింది నువ్వేనట, నిజమేనా?"

అది నన్ను చూసింది. వాణ్ణి చూసింది. "అక్క పాపం బాగా బెదిరిపోయిందిరా" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. నిజం చెబితే నమ్మరు, అబద్ధం చెప్పినదాన్ని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. మా ఇంట్లో దాని మాటకి ఉన్న విలువ అలాంటిది. ఆ విలువలో సగం నేను పెంచిందే. కోడలు వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూసింది.

ఆదివారం తెల్లవారాక ఇంట్లోవాళ్ళ కన్నుగప్పి పెరటి తలుపులోంచి బయటపడ్డాను. అరవై ఏళ్ళు దాటాక ఇల్లొదిలి పారిపోయాను, అదీ మైదానానికి. వీధి చివరికి వెళ్ళేసరికే ఊపిరి బరువెక్కింది. ఇంత దూరం అది రోజూ వెళుతుందా అనుకున్నాను.

మైదానం నిండా ఆడవాళ్ళు. నడక అప్పటికే మొదలైంది. బ్యానరు పట్టుకుని ఇద్దరు ముందు, వాళ్ళకంటే ముందు అది. విజిల్ ఊదుతోంది, చేతులు ఊపుతోంది. నన్ను చూసి మా వీధి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "దర్జీ అక్క వచ్చేసింది! కూర్చున్న కొండ కదిలింది!" అని ఒకావిడ అరిచింది. నేను చెయ్యి ఊపలేదు. నేను దాన్ని అందుకోవాలి. నేను ఎంత నడిచినా అది అంతకంతకీ దూరమవుతోంది. చెప్పులు జారుతున్నాయి. ఇన్నేళ్ళు దానితో పాటు నడిచి ఉంటే ఈ పూట దాన్ని ఆపగలిగేదాన్ని కదా అనిపించి నామీద నాకే కోపం వచ్చింది.

చుట్టూ వెళితే అందదని గడ్డిలోంచి అడ్డంపడి వెళ్ళి దాని ఎదురుగా నిలబడ్డాను. ఆ చలి పొద్దున దాని మెడ మీదనుంచి చెమట కారిపోతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎడమ చెయ్యి దవడ కిందనే ఉంది. విజిల్ నోట్లో పెట్టుకుంటోంది గానీ శబ్దం రావడం లేదు.

"ఆగవే. కూర్చో."

"పన్నే అక్కా. తప్పుకో."

"నీ పన్ను తగలెయ్య! కూర్చోమంటే కూర్చో!"

"అందరూ చూస్తున్నారు. ఇంకాస్తే ఉంది" అని నన్ను దాటుకుని పోయింది.

అక్కడున్నవాళ్ళెవరికి చెప్పినా ఆ విజిల్ ముందు నా మాట చెల్లదు. దాన్ని పట్టి ఆపే బలం నాకు లేదు. అప్పుడు తట్టింది. కాగితం ప్రకారం గుండె మనిషిని నేనే కదా. రెండు చేతులూ గుండె మీద వేసుకుని, "అమ్మా, గుండె!" అని గావుకేక పెట్టి గడ్డిలో కూలబడ్డాను.

అది వెనక్కి తిరిగింది. అంతా వదిలేసి నా దగ్గరికి వచ్చేసింది. "అక్కా! అక్కా!" అంటూ నా తల ఒళ్ళో పెట్టుకుంది. దాని చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నడకకి ముందు జాగ్రత్తగా అదే పిలిపించి పెట్టిన అంబులెన్సు గేటు దగ్గరినుంచి వచ్చింది. నన్ను ఎత్తి పడుకోబెట్టారు. అది కూడా ఎక్కి నా పక్కన కూర్చుంది. తలుపు మూసుకుంది.

అంబులెన్సులో ఉన్నతను నా ఛాతీకి వైర్లు అంటించబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"నాకు కాదు బాబూ. దానికి పెట్టు."

"కంగారు పడకండమ్మా."

"ట్రెడ్‌మిల్ మీద గుండె చెడ్డదని తేలింది దానికే. కాగితం మీద నా పేరుంది గానీ నడిచింది అదే. నేను పడ్డది నాటకం. దాని దవడ అడుగు. ఒక్కసారి దాని మొహం చూడు నాయనా!"

పిచ్చిదనుకుని ఉంటాడు. అయినా తలెత్తి చూశాడు. అది కిటికీకి ఆనుకుని ఉంది. కాదని చెప్పబోయి నోరు తెరిచింది, మాట రాలేదు. అతను ఇంకేమీ అడగలేదు. నన్ను లేపి కూర్చోబెట్టి దాన్ని పడుకోబెట్టాడు. వైర్లు అంటించి చిన్న తెర చూశాడు. నోట్లో మాత్ర వేసి నమలమన్నాడు. ముందున్న డ్రైవరుతో, "తొందరగా పోనీ" అన్నాడు. ఆ గొంతు విన్నాక దాని చెయ్యి పట్టుకున్నాను. అప్పటిదాకా ఎక్కడో ఒక మూల నా అనుమానం తప్పే అయి ఉంటే బాగుణ్ణని అనుకుంటూనే ఉన్నాను.

ఆసుపత్రిలో దాన్ని నేరుగా లోపలికి తీసుకెళ్ళిపోయారు. మావాడు పరిగెత్తుకొచ్చాడు. బెంచీ మీద కూర్చున్న నన్ను చూసి అలాగే నిలబడిపోయాడు.

"నువ్వు ఇక్కడ కూర్చున్నావేమిటి? మరి లోపల ఎవరు?"

"పిన్నిరా."

వాడు నా పక్కన కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నిన్న చెప్పావు కదమ్మా" అన్నాడు. చెప్పాను. కానీ వాణ్ణి తప్పుపట్టే మొహం నాకు లేదు. అసలు మొదలుపెట్టింది ఎవరు?

గుండె డాక్టరు బయటికి వచ్చాడు. పెద్ద నాళం దాదాపు మూసుకుపోయిందట, తెరిచి స్టెంటు వేశారట, ప్రాణానికి ఫరవాలేదట. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు. జరిగిందంతా విని మా ఇద్దర్నీ ఏ అరలో పెట్టాలో తెలియనట్టు చూశాడు. పరీక్షకి ఒక మనిషి బదులు ఇంకో మనిషిని పంపడమేమిటమ్మా అని తిట్టాడు. నేను తలవంచుకుని తిన్నాను. ఇవి మాత్రం నా తిట్లే.

తిట్టడం అయిపోయాక అడిగాను. "రోజూ నడిచే మనిషికి ఇలా ఎందుకైంది డాక్టరుగారూ? మరి నడవడం దేనికి?"

"నడక మంచిదే. ఆవిడ నడవకపోయి ఉంటే ఇది ఏనాడో వచ్చేది, ఈపాటి తట్టుకునేవారు కూడా కాదు. కానీ నడుస్తున్నాం కదా అని ఒంటి మాట వినకపోతే ఎలా? సుగర్ ఇన్నేళ్ళనుంచి లోపల దాని పని అది చేస్తూనే ఉంది" అన్నాడు. నాకు సగం అర్థమైంది. నడిచినా వస్తుంది, నడవకపోతే ఇంకా ముందు వస్తుంది. అయితే నా సంగతేమిటి? ఆయన్ని అడుగుదామనుకునేలోపే వెళ్ళిపోయాడు.

మర్నాడు దాన్ని చూడనిచ్చారు. మెడలో విజిల్ లేకుండా చిన్నపిల్లలా ఉంది. కోపంగా ఉంటుందనుకున్నాను. కోపంగానే ఉంది.

"అందరి ముందూ నాటకమాడతావా? నా నడక పాడుచేశావు."

"నువ్వు మాత్రం మావాడి ముందు ఆడలేదా?"

"వాళ్ళేమన్నారు? మనవాళ్ళు? ఇంక నడవమంటున్నారా?"

"ఏమో. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి నీ గురించి ఏడుస్తున్నారు. ముందు నువ్వు లేచి తిరుగు, వాళ్ళ సంగతి తర్వాత."

అది కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. నేను తుడిచాను. కళ్ళు తెరిచి, "పడిపోయినప్పుడు మాత్రం నిజంగా పడ్డావనుకున్నాను అక్కా. నీ మొహం అలా ఉంది. అంత బాగా ఎలా నటించావు?" అంది.

ఆ గడ్డి మీద కూలినప్పుడు నా ఎడమ భుజం దగ్గర ఏదో బిగుసుకుంది. నడిచిన ఆయాసమో, దాని మీద బెంగో, నేను కేకపెట్టి నన్ను నేనే నమ్మించుకున్నానో తెలియదు. నిన్నటినుంచి అదే ఆలోచిస్తున్నాను. అందరి దగ్గరా నాటకమనే చెప్పాను. నాటకం ఎక్కడిదాకా, నిజం ఎక్కడినుంచో నాకే తెలియడం లేదు. దాని గుండె సంగతి డాక్టర్లకి అణువణువూ తెలిసిపోయింది. నా గుండె ఎలా ఉందో ఈ లోకంలో ఒక్కరికీ తెలియదు.

"నటించానో లేదో తెలియదే" అన్నాను.

అది లేవబోయింది. నేను వెనక్కి పడుకోబెట్టాను. నర్సు వచ్చి వేళయిపోయింది, పేషెంటుని అలసిపోనివ్వద్దంది.

"నర్సమ్మా, నా గుండె కూడా చూడాలి. డాక్టరుగారితో చెప్పండి" అన్నాను. మా తోడికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ పనికి మాత్రం నా బదులు అది రావడం కుదరదు. నాకు చాలా భయంగా ఉందే అని మొదటిసారి దానికి చెప్పి, నర్సు వెనకాల నడిచాను.